దేశానికీ దైవానికీ కలిపి ఒక సంతకం

ఈ ప్రయాణం టీవీ నుంచి పారిపోవడానికి పెట్టుకున్నది. సరిహద్దులో కాల్పులు మొదలైన వారం రోజులూ మా ఇంట్లో టీవీ ఆగలేదు. నేను విజయవాడలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెబుతాను. సెలవుల్లో ఒక్కదాన్నే చిన్న చిన్న ప్రయాణాలు చేసి ఈ బ్లాగులో రాస్తుంటాను. ఆ వారం నేనూ అందరిలాగే టీవీ ముందు కూర్చుని "ఇంకో దెబ్బ కొట్టాల్సిందే" అన్నాను. ఎనిమిదో రోజు అన్నం కలుపుకుంటూ కూడా అదే మాట అన్నానని గమనించి నాకే వెగటు పుట్టింది. రెండు రోజులు గోదావరి గాలి పీల్చి, అంతర్వేదిలో సముద్రం చూసి వద్దామని టికెట్టు తీసుకున్నాను.

ఉదయం ఆరుంపావు రైలుకి బయలుదేరి తొమ్మిదిలోపు రాజమండ్రిలో దిగాను. స్టేషన్ బయట మాట్లాడుకున్న కారు డ్రైవరు సత్తిబాబు గారికి యాభై ఏళ్ళుంటాయి. రెండు రోజులకు డీజిల్‌తో కలిపి ఆరు వేలు అన్నారు, బేరమాడకుండా ఒప్పుకున్నాను. జనం ఎక్కువగా వెళ్ళే హైవే వదిలేసి ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక వైపు వెళ్ళమన్నాను. మీరూ అలాగే వెళ్ళండి. ఎండ ముదరకముందు బ్యారేజీ మీద నీళ్ళ మీంచి వచ్చే గాలికి, పక్కనే కాలవ గట్టు వెంట సాగే రోడ్డుకీ ఆ ముప్పావుగంట ఎలా గడిచిందో తెలియదు.

ఆత్రేయపురంలో ఒక ఇంటి వసారాలో పూతరేకులు తీస్తున్న ఆవిడ దగ్గర ఆగాం. బోర్లించిన కుండ కింద మంట, బియ్యప్పిండి పాలల్లో ముంచిన గుడ్డ, ఒక్కసారి కుండ మీద అలా పరిస్తే చాలు, పొర లేచి వస్తోంది. బెల్లం, జీడిపప్పు వేసినవి పది పూతరేకుల పెట్టె రెండు వందల యాభైకి ఇచ్చారు. వెనకాల గోడ దగ్గర వేరే పెట్టెలు దొంతరగా ఉన్నాయి. ఒక్కోదాని మీద జెండా, మంటలు కక్కుతూ పైకి లేస్తున్న క్షిపణి బొమ్మ.

"అవేంటండీ?" అన్నాను.

"ప్రసాదం పెట్టెలండి. సముద్రం వైపు ఊళ్ళో విజయ యాగం చేత్తన్నారు కదండీ, అయిదొందల పెట్టెలు చెప్పారు. బొమ్మ కూడా ఆళ్ళే పంపారండి," అందావిడ, గుడ్డ పరవడం ఆపకుండానే.

"ఆయ్, మనం వెళ్ళే దారేనండి. పూర్ణాహుతి ఇయ్యాల సాయంత్రమే. చూత్తారా?" అన్నారు సత్తిబాబు గారు. చూస్తానన్నాను. యాగం అంటే మంత్రం, నెయ్యి వాసన, నాలుగు ఫొటోలు. బ్లాగుకు మంచి పేరా అవుతుందనుకున్నాను.

రావులపాలెం, కొత్తపేట, పి.గన్నవరం దాటి రాజోలు చేరేసరికి ఒంటిగంట. బస్టాండుకు దగ్గర్లో ఒక మెస్‌లో నూట ముప్పైకి భోజనం. ఆవ పెట్టిన పనసపొట్టు కూర రెండోసారి అడిగి వేయించుకున్నాను. మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా మూడున్నరకు ఆ ఊరు చేరాం. ఊరి పేరు కావాలనే రాయడం లేదు. అంతర్వేదికి కాస్త ఇవతల, సరుగుడు తోటల వెనక ఇసకలో ఉన్న మత్స్యకారుల ఊరు. వలలు, ఎండుచేపల పందిళ్ళు, సముద్రపు హోరు.

ఇసకలో పెద్ద షామియానా వేశారు. ముందు నిలువెత్తు ఫ్లెక్సీ. ఒకవైపు ఉగ్రరూపంలో దేవుడు, ఇంకోవైపు నియోజకవర్గ నాయకుడు, ఇద్దరి మధ్యా యుద్ధ విమానాలు. హోమగుండం పక్కన థర్మోకోల్‌తో చేసిన క్షిపణి నిలబెట్టి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశారు. బందోబస్తుకు వచ్చిన పోలీసులు బూట్లు విప్పి వరసగా పెట్టి, చేతులు కట్టుకుని భక్తిగా నిలబడ్డారు. నేనూ చెప్పులు వదిలి ఆడవాళ్ళ వైపు కూర్చున్నాను.

ఒక వ్యాఖ్యాత మైకులో పొరుగు దేశపు ఊళ్ళ పేర్లు ఒక్కొక్కటే చదువుతున్నాడు. పేరు చదవగానే పురోహితులు నెయ్యి వేస్తున్నారు, జనం "స్వాహా" అంటున్నారు. మొదట నాకు అర్థం కాలేదు. పక్కవాళ్ళతో పాటు నేనూ మూడుసార్లు స్వాహా అన్నాను. నాలుగో ఊరి పేరు వచ్చినప్పుడు, అంటే అక్కడి ఇళ్ళు, బళ్ళు, పిల్లలు అందరూ కలిసి ఈ నిప్పులోకా అని తట్టి నోరు ఆగిపోయింది. నా పక్కనున్న బామ్మ మాత్రం నిద్రలో ఊకొట్టినట్టు మెల్లగా స్వాహా అంటూనే ఉంది.

"కరాచీ" అన్నాడు వ్యాఖ్యాత. జనం స్వాహా అన్నారు. మగవాళ్ళ వైపు ముందు వరసలో కూర్చున్న ఒక బక్కపల్చటి మనిషి తల దించుకోవడం చూశాను.

తర్వాత వేదిక మీదికి నూకరత్నం గారిని పిలిచారు. నలభై అయిదేళ్ళుంటాయేమో, ఆకుపచ్చ నేతచీర, ఎండకు నల్లబడ్డ చేతులు. ఆవిడ కొడుకు దుర్గారావు సైన్యంలో ఉన్నాడని, ఇప్పుడు సరిహద్దులోనే ఉన్నాడని చెప్పి నాయకుడు ఆవిడకు శాలువా కప్పాడు. "దేశం కోసం ప్రాణమివ్వడానికి ఈ తల్లి తన బిడ్డనిచ్చింది! ఈ వీరమాత చేతుల మీదుగానే పూర్ణాహుతి!" అన్నాడు. చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. రెండు మాటలు మాట్లాడమని మైకు ఆవిడ చేతికిచ్చారు. అంతకుముందే ఎవరో రాసిచ్చిన కాగితం ఇంకో చేతిలో ఉంది. ఆవిడ దాన్ని చూడలేదు. నేను ఫోన్ తీసి రికార్డు నొక్కాను.

"నేను మావోడిని ఉద్యోగానికి పంపానండి. ఇచ్చెయ్యలేదండి," అంది. "తొమ్మిది రోజులయిందండి ఫోన్ చేసి. మీరు ఇందాక కరాచీ అన్నారు. మా ఆయన గుజరాత్ బోట్ల మీద పనికెళ్ళి, బోటు గీత దాటితే ఆళ్ళు పట్టుకున్నారండి. పద్దెనిమిది నెలలు ఆ ఊరి జైల్లో ఉన్నాడండి. ఆ ఊరి అన్నం తినే బతికొచ్చాడు. ఆ ఊరికి స్వాహా అని నేననలేనండి. నా కొడుకునీ ఇయ్యలేను. ఆళ్ళ దేవుడికి ఆళ్ళు, మన దేవుడికి మనం ఇలాగే మొక్కుకుంటే ఆ దేవుళ్ళు ఎవరి పిల్లల్ని..."

అక్కడ మైకు ఆగిపోయింది. ఎవరో సైగ చేశారు, డప్పులు ఒక్కసారిగా అందుకున్నాయి. నాయకుడు నవ్వు చెదరనీయకుండా ఆవిడ భుజం మీద శాలువా సర్దాడు. పూర్ణాహుతి పళ్ళెం ఇంకొకరి చేతికి వెళ్ళింది. ఎవరూ కేకలు వెయ్యలేదు, ఎవరూ తిట్టలేదు. ఆవిడ మెట్లు దిగి వెళుతుంటే జనం పక్కకు జరిగి దారిచ్చారు. ఆ దారి అవసరానికి మించి వెడల్పుగా ఉంది.

నేను వెనకే వెళ్ళాను. రెండు వీధుల అవతల వాళ్ళ ఇల్లు. ఇందాక తల దించుకున్న మనిషే ఆవిడ భర్త సింహాచలం గారు. విజయవాడ నుంచి వచ్చానని, ఆవిడ మాటలు విన్నానని చెబితే టీ ఇచ్చారు. అరుగు మీద వల అల్లుకుంటూ ఆయన నాలుగే మాటలు చెప్పారు. జైల్లో వీళ్ళున్న గదికి కిటికీ ఉండేది కాదట. "తెల్లారుజామున ఆళ్ళ మసీదులో పిలుపు ఇనపడితేనే తెల్లారిందని తెలిసేదండి. ఒకరోజు జొరమొచ్చి ఇనపళ్ళేదు. వంటాయన వచ్చి లేపాడండి, ఏదో కాచి తెచ్చి తాగించాడు. పేరు కూడా అడగలేదు నేను," అన్నారు. నూకరత్నం గారు లోపల చేపలు కడుగుతూ, "ఆ కాయితంలో ఉన్నది చెప్పేసుంటే పోయేది," అని తనలో తనే అనుకుంది. వీడియో తీశానని వాళ్ళకు నేను చెప్పలేదు. దాచాలని కాదు. చెప్పాల్సిన విషయమని తోచలేదు.

అంతర్వేదిలో గుడికి దగ్గర సత్రంలో ఎనిమిది వందలకు గది దొరికింది. ఏడు గంటలకు దర్శనం చేసుకుని వచ్చి, ఆ రెండున్నర నిమిషాల వీడియోని "ఒక తల్లి మాట" అని పేరు పెట్టి నా పేజీలో పోస్టు చేశాను. మంచి పని చేశానన్న తృప్తితో తొందరగా పడుకున్నాను.

ఉదయం ఆరింటికి మా పెద్దమ్మ కొడుకు పంపిన వీడియో చూసి మంచం మీద లేచి కూర్చున్నాను. పదకొండు సెకన్లు. "ఆ ఊరి అన్నం తినే బతికొచ్చాడు... నా కొడుకునీ ఇయ్యలేను." మధ్యలో ఉన్నదంతా కోసేశారు. కింద ఎర్ర అక్షరాల్లో "యాగాన్ని భగ్నం చేసిన దేశద్రోహి" అని ఉంది. "ఇది మీరెళ్ళిన వైపే కదా అక్కా, జాగ్రత్త" అని రాశాడు తమ్ముడు. నా పోస్టు తీసేశాను. తీసేసి లాభం లేదని నాకూ తెలుసు. సముద్రమూ గోదావరీ కలిసేచోట సూర్యోదయం చూడాలని వచ్చినదాన్ని, అటు వెళ్ళకుండానే సత్తిబాబు గారిని లేపి ఆ ఊరు పోనిమ్మన్నాను.

ఏడున్నరకు వెళ్ళేసరికి వాళ్ళింటి ముందు పోలీసు జీపు ఉంది. ఎస్సై చిన్నవాడు, ముప్పై లోపే. కేకలు లేవు, బెదిరింపుల్లేవు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తాగుతున్నాడు. వాకిట్లో చాప మీద నూకరత్నం గారు, గుమ్మానికి ఆనుకుని సింహాచలం గారు. వీధిలో జనం దూరం దూరంగా నిలబడి చూస్తున్నారు.

"ఆ వీడియో తీసింది నేనండి. పోస్టు చేసిందీ నేనే. ఆవిడకి తెలియదు. ఏదైనా ఉంటే నా మీద రాసుకోండి," అన్నాను. పూర్తి వీడియో ఉన్న ఫోన్ చాపాను. ఆయన మర్యాదగా తీసుకుని రెండున్నర నిమిషాలూ చూశాడు.

"పూర్తిది ఎవరు చూత్తారండీ మేడమ్?" అన్నాడు, ఫోన్ తిరిగిస్తూ. "మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగట్లేదండి. పైనుంచి అడిగింది ఈవిడ సంతకం. ఆవిడ మంచికేనండి ఇదంతా. చిన్న క్షమాపణ. అమ్మవారి గుడి ముందు నిలబడి చదివేత్తే మా కానిస్టేబుల్ వీడియో తీత్తాడు. గొడవ సర్దుకుంటుంది."

నూకరత్నం గారు నా వైపు చూసింది. ఎస్సై తెచ్చిన టైపు కాగితం నా చేతికిచ్చి, "చదువుకున్నదానివి కదమ్మా. ఏం రాశారో చదివి చెప్పు," అంది.

చదివాను. ఆవేశంలో నోరు జారానని, భర్త ఖైదీగా ఉండటం వల్ల మనసు చెదిరిందని రాసుంది. చివరి వాక్యం రెండుసార్లు చదివాను. "దేశానికీ, దైవానికీ నేను చేసిన ఈ అపచారానికి క్షమాపణ కోరుకుంటున్నాను." పోలీసు స్టేషన్‌లో టైపు చేసిన కాగితంలో దేవుడు ఎలా వచ్చాడో నాకు అర్థం కాలేదు. ఎవరు ఎవరి తరఫున అడుగుతున్నారు? పైకి అడిగాను కూడా.

"ఫార్మాట్ అలా వచ్చిందండి," అన్నాడు ఎస్సై. తర్వాత గొంతు ఇంకాస్త తగ్గించి ఆవిడతో, "అబ్బాయి ఉద్యోగం గురించి కూడా ఆలోచించండమ్మా. ఇక్కడి రిపోర్టు అక్కడికెళ్తాది కదా," అన్నాడు.

సింహాచలం గారు ఆ ఉదయం మొదటిసారి నోరు తెరిచారు. "పెట్టెయ్యి రత్నం. ఆ జైల్లో కూడా నాచేత ఇలాగే పెట్టించారు. ఏం రాశారో ఇప్పటికీ తెలీదు."

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంది, చేతులు పొడిగానే ఉన్నా. "దేశానికైతే పెడతానండి," అంది చివరికి. "నా కొడుకు ఆ నీడనే ఉన్నాడు, నాకు తప్పదు. అమ్మవారితో నాకేం తగువు లేదండి. ఆవిడకి నేనేం తప్పు చేశాను? ఆ మాట తీసెయ్యండి. గుడి ముందుకీ రాను. చదివితే నా గుమ్మంలోనే చదువుతాను."

ఎస్సై లేచి జీపు దగ్గరికి వెళ్ళి ఎవరికో ఫోన్ చేశాడు. వీధి అంతా నిశ్శబ్దంగా ఉండటంతో ఆయన మాటలు మాకందరికీ వినపడ్డాయి. "సార్... పెడతానంటున్నారు సార్. దైవం ఒకటి వద్దంటున్నారు సార్. దేశం ఒక్కటే అంటున్నారు... సరే సార్. అలాగే సార్."

వెనక్కి వచ్చి, పెన్నుతో "దైవానికీ" అన్న మాట అడ్డంగా కొట్టేసి, పక్కన తన పొట్టి సంతకం పెట్టాడు. ఆవిడ కింద ఒక్కో అక్షరం కూడబలుక్కుని తన పేరు రాసింది. నేను ఒక్కో ముక్కా చెబుతుంటే గుమ్మంలో నిలబడి ఆ మాటలు తిరిగి అప్పజెప్పింది. కానిస్టేబుల్ వీడియో తీశాడు. వెళ్ళేటప్పుడు ఎస్సై చేతులు జోడించి, "వత్తామండి అమ్మా," అన్నాడు. ఆ నమస్కారంలో వెటకారం లేదు. ఆ ఉదయం నన్ను అన్నిటికన్నా భయపెట్టింది ఆ నమస్కారమే.

జీపు వెళ్ళాక నేను ఆవిడ ముందు కూర్చున్నాను. క్షమించమని అడిగాను. ఎంత ఏడ్చానో ఇక్కడ రాయడం అనవసరం.

"నువ్వు మంచికే చేశావేమో," అంది నూకరత్నం గారు. "అడిగుంటే వద్దనేదాన్ని." ఆ తర్వాత లేచి, చేపల తట్ట తీసుకుని పందిరి వైపు వెళ్ళిపోయింది.

సఖినేటిపల్లి రేవుకు వచ్చి, కార్లను కూడా దాటించే పంటు పడవ ఎక్కాం. కారుకు, మాకు కలిపి నూటయాభై లోపే. గోదావరి దాటడానికి పావుగంట. అవతల నరసాపురంలో దిగాక సత్తిబాబు గారు టీ తాగుదామన్నారు. గ్లాసు చేతిలో పట్టుకుని, "నేనూ నిన్న స్వాహా అన్నానండి మేడమ్. బయట కారు దగ్గర నిలబడే అన్నాను," అన్నారు. ఆయన అక్కడి నుంచి చించినాడ వంతెన మీదుగా రాజమండ్రి వైపు వెళ్ళిపోయారు. నేను మధ్యాహ్నం రెండింటి రైలుకి భీమవరం మీదుగా ఇల్లు చేరాను.

నాలుగు రోజుల తర్వాత కాల్పులు ఆగాయి. ఆ మర్నాడు సింహాచలం గారు ఫోన్ చేశారు. వస్తూ వస్తూ ఆయనకు నా నంబరు ఇచ్చి వచ్చాను, చేస్తారనుకోలేదు. "అబ్బాయి ఫోన్ చేశాడండి. బానే ఉన్నాడు. ఆ వీడియో ఆళ్ళందరూ చూశారంట. 'నువ్వెందుకమ్మా మైకు పట్టుకున్నావు' అని ఒక్కటే అడిగాడండి. తర్వాత ఇయ్యాల కూరేంటని అడిగాడు." ఉద్యోగానికి ఇబ్బంది ఏమైనా వచ్చిందా అంటే, ఇప్పటికైతే ఎవరూ ఏమీ అడగలేదన్నారు.

నెల తర్వాత నేనే చేశాను. ఊళ్ళో అమ్మవారి జాతర అయిందట. ఏటా వాళ్ళింటి నుంచి చలిమిడి వెళ్ళడం ఆనవాయితీ. ఈసారి కమిటీవాళ్ళు వద్దన్నారు. ప్రభుత్వానికి రాసిచ్చిన కాగితంలో దైవం కొట్టేయించుకుంది కనుక, ముందు గుడికి అపరాధం కట్టి తప్పు ఒప్పుకోమన్నారు. నూకరత్నం గారు ఒప్పుకోలేదు. అయినా చలిమిడి చేసింది. పొద్దున్నే గిన్నె పట్టుకుని సముద్రం ఒడ్డుకు వెళ్ళి దణ్ణం పెట్టుకుని, వస్తూ వస్తూ వీధిలో ప్రతి ఇంటి ముందూ ఆగి పిలిచిందట. "ఎంతమంది తీసుకున్నారండీ?" అన్నాను. "మూడిళ్ళ తలుపులు తీశారండి," అన్నారు సింహాచలం గారు. ఆయన గొంతులో అది తక్కువన్న బాధ వినపడలేదు.

ఈ డెల్టాలో నేను చాలా గుళ్ళు చూశాను. గెలిచిన రాజులు కట్టించినవి, గెలుపు కోసం దీపాలు పెట్టించినవి. శాసనాల రాళ్ళ మీద చేత్తో తడిమి, ఎంత పాతవో అని మురిసిపోయి ఫొటోలు తీసుకున్నాను. గెలిచిన చోట కాలిన ఊళ్ళ పేర్లు ఏమిటని ఒక్కసారీ అనుకోలేదు. దేవుడు, సైన్యం, ప్రభుత్వం వేరు వేరు సంగతులని, పుస్తకాల్లో పాత రాజులు మాత్రమే వాటిని కలిపేవారని అనుకునేదాన్ని. ఆ మూడూ కలిసి ఒక పల్లెటూరి వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, అండీ అంటూ సంతకం అడుగుతాయని నాకు తెలియదు. వాటికి ఆ వాకిలి చూపించింది నా చేతిలోని ఫోనేనని తెలిశాక వచ్చిన దిగ్భ్రాంతి ఇంకా వదల్లేదు. మూడుసార్లు స్వాహా అన్న నోరూ నాదే. చలిమిడి గిన్నె తెచ్చి మా గుమ్మం ముందు ఆవిడ ఆగితే, ఆ వారం నేను తలుపు తీసేదాన్నని గట్టిగా చెప్పలేను.

ఆ వైపు వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. ఊళ్ళో ఎవరి ముఖమైనా, మాటైనా ఫోన్‌లో తీస్తే, ఆ ఊరు దాటకముందే ఆ మనిషి దగ్గరికి వెళ్ళి చూపించి, నలుగురికీ పెట్టవచ్చా అని అడగండి. వద్దంటే వాళ్ళ కళ్ళముందే తీసేయండి.